ఎస్తేరమ్మ పిడికెడు

మా వీధి మలుపులో సాయంత్రమయ్యేసరికి ఒకావిడ కట్టెల పొయ్యి ముట్టించి జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. షుగరు జబ్బు పుణ్యమా అని ఈ మధ్య పట్నంలో జొన్నరొట్టెకు గౌరవం పెరిగింది. కార్లలో వచ్చి, వరసలో నిలబడి మరీ కొనుక్కుపోతున్నారు. నిన్న నేనూ నిలబడ్డాను. ఆవిడ పిండి ముద్దను రెండు చేతుల మధ్య తిప్పుతూ పటపటా కొడుతోంది. పెనం మీద వేసిన రొట్టెకు తడి చెయ్యి రాయగానే ఆవిరి లేచింది. అందులో మాడీ మాడని జొన్నపిండి వాసన. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. వెనకనున్న అబ్బాయి పొగ అనుకున్నాడు కాబోలు, "ఇటు జరగండి ఆంటీ, గాలి ఇటు లేదు" అన్నాడు. పొగ కాదు నాయనా, నారాయణఖేడ్ అనుకున్నాను మనసులో. ఆ వాసన వెంట నాకెప్పుడూ ఒకే మనిషి వస్తుంది. ఆమె పేరు ఎస్తేరమ్మ.

డెబ్బైల మొదట్లో, మాకు పెళ్ళైన ఏడాదికి, పాస్టరుగా ఉన్న మా ఆయనను నారాయణఖేడ్ సంఘానికి వేశారు. నేను సికింద్రాబాదు రైల్వే క్వార్టర్సులో పెరిగిన పిల్లను. అన్నమంటే వరి అన్నం ఒక్కటేననుకునేదాన్ని. మిషన్ కాలం నాటి రాతి గుడి, దాని పక్కన పెంకుటిల్లు, ఇంటి వెనక కంది చేలు. ఆ ఇల్లు చూడగానే ఏడుపొచ్చింది. మా ఆయన ముందు ఏడవడం నామోషీ అనిపించి బావి దగ్గరికి వెళ్ళి ఏడ్చుకుని వచ్చాను. వచ్చేసరికి వంటింట్లో ఒక మనిషి నిలబడి ఉంది. పొడుగ్గా, ఎండకు నల్లబడి, పైకి దోపిన చీరతో, బుగ్గలో పొగాకుతో, నెత్తిన గంపతో. పిలవని ఇంటికి వచ్చానన్న జంకేమీ లేదు.

"ఏందమ్మా, కండ్లు గట్ల ఉబ్బినయ్?" అంది.

"దుమ్ము పడింది" అన్నాను.

"రెండు కండ్లల్ల ఒక్కసారే వడ్డదా? మంచి దుమ్మే" అని గంప దించింది. "ఇగ, గింజల డబ్బ ఏది? దేవునియి తెచ్చిన."

దేవునివేమిటో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం మా ఆయన చెప్పారు. సంఘంలో ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న మట్టి పాత్ర, వాళ్ళ మాటలో గురిగి, ఉంటుందట. ఇల్లాలు విసరడానికి జొన్నలు తీసినా, వండడానికి బియ్యం తీసినా, ముందుగా ఒక పిడికెడు ఆ గురిగిలో వేసి, కళ్ళు మూసుకుని ఒక్క మాట ప్రార్థించి, ఆ తర్వాతే మిగతా పని. శనివారం ఎస్తేరమ్మ ఇల్లిల్లూ తిరిగి గురుగులన్నీ గంపలో గుమ్మరించుకుని పాస్టరు ఇంటికి తెస్తుంది. జీతం ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని ఆ రోజుల్లో మా పొట్టలు నింపింది ఆ పిడికిళ్ళే. తెల్లజొన్నలు, పచ్చజొన్నలు, సజ్జలు, నూకలు, మధ్యలో నాలుగు కందులు. అంతా కలగాపులగం. మొదటి నెలంతా వాటిని ఏరుకుంటూ కూర్చున్నాను. అది చూసి ఎస్తేరమ్మ నవ్వలేక చచ్చిపోయింది. "ఏరుతవేందమ్మా? అందరియి కలిపే ఇసురు. సంఘమంటేనే కలిసింది గద" అని, విసుర్రాయి ముందు కూర్చోబెట్టింది. రొట్టె కొట్టడం కూడా ఆమే నేర్పింది. నా మొదటి రొట్టె చూసి "ఇది నారాయణఖేడా, కంగ్టియా? పటం లెక్క ఉంది" అంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన ఎస్తేరమ్మతో ఊళ్ళో సగం మంది మాట్లాడకూడదు. గురిగి తేలికగా ఉందని తోస్తే చాలు, ఆ ఇంటి గడప మీదే కూర్చునేది. "ఏమే, ఇది నీ పిడికిలా, నీ సంకల పిల్లదా?" అని ఆ వాడంతా వినబడేలా అడిగేది. ఆడవాళ్ళు సిగ్గుపడి ఇంకో గుప్పెడు తెచ్చి పోసేవాళ్ళు. తిరిగి అనేవాళ్ళు మాత్రం లేరు. ఎందుకంటే ఆమె గంపలో అందరికన్నా ముందు పడేది ఆమె ఇంటి గురిగే. ఆమె భూమి లేని మనిషి. మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కూతురు సుగుణ. తల్లీకూతుళ్ళిద్దరూ కూలికి పోతే వచ్చే గింజలే ఆ ఇంటికి ఆధారం. కల్లంలో కూలి గింజలు కొంగులో పడగానే, మూట కట్టకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే ముడి వేసుకునేదట. దారిలో ఎవరైనా అప్పడిగితే మూట విప్పేది కానీ ఆ ముడి విప్పేది కాదు.

నాకు అప్పుడు తల పొగరు ఉండేది, నాలుగు పుస్తకాలు చదివినదాన్ని గదా. ఒకసారి రొట్టెలు చేస్తూ అడిగాను. "ఎస్తేరమ్మా, మీరు తిన్నాక మిగిలింది ఇస్తే సరిపోదా? దేవుడేమన్నా కాదంటాడా?"

ఆమె రొట్టె తిప్పేసింది. నా మొహం వంక కూడా చూడలేదు. "మిగిలింది కుక్కకేస్తం అమ్మా. ముందుగాల ఆయనది, ఎనుక మనది. గది ఎనుకా ముందయితే ఇగ ఏమున్నది?"

ఆ మాటను మా ఆయన మరుసటి ఆదివారం ప్రసంగంలో వాడుకున్నారు. ఎస్తేరమ్మ ముందు వరసలో కూర్చుని తన మాటేనని గుర్తుపట్టకుండా తలూపుతూ విన్నది. సుగుణ మాత్రం గుర్తుపట్టి నా వంక చూసి కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల నవ్వు అంటువ్యాధి లాంటిది. ప్రార్థన మధ్యలో నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. దాన్ని చూసి మరో నలుగురు కుక్కుకునేవాళ్ళు. కల్హేర్ పిల్లవాడితో సంబంధం కుదిరింది. ఆ ఏడు పంటలు ఇంటికొచ్చాక పెళ్ళి అనుకున్నారు.

ఆ ఏడు పంటలు ఇంటికి రాలేదు. వాన ముందు మురిపించి, తర్వాత మొహం చాటేసింది. కంగ్టి వైపు ఊళ్ళకు ఊళ్ళే తాళాలు వేసుకుని పనులు వెతుక్కుంటూ పోయాయి. మనూర్ రోడ్డు మీద కరువు పని పెట్టారు. తల్లీకూతుళ్ళు కంకర కొట్టడానికి పోయేవాళ్ళు. సుగుణ వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని గుడికి వచ్చేది. శనివారం గంప అడుగున గింజలు అటూ ఇటూ దొర్లే రోజులు వచ్చాయి. ఎస్తేరమ్మ గడపల మీద కూర్చోవడం మానేసింది. ఎవరెంత వేస్తే అంత తీసుకుని, "దేవుడు సల్లగ జూడాలె బిడ్డా" అని లేచేది. తన గురిగి మాత్రం తగ్గలేదు. పిడికెడంటే పిడికెడే.

నాకు మనసొప్పలేదు. వాళ్ళు ఒంటిపూట తింటుంటే ఆ గింజలు మేం ఎలా మింగేది? ఒక శనివారం ఆమె గంపలోంచి ఆమె ఇంటి వాటా అంత తీసి, ఆమె కొంగులో పోయబోయాను. "ఈ కరువు పోయేదాకా నీ ఇంటిది నువ్వు ఉంచుకో" అన్నాను. ఎస్తేరమ్మ కొంగు లాగేసుకుంది. గింజలు నేల మీద చిందాయి.

"నీకిస్తున్ననా నేను? అయ్యగారికిస్తున్ననా?" అంది. అంత కోపం ఆమెలో నేనెప్పుడూ చూడలేదు. "నేను దేవునికిస్తున్న. ఆయన మీకు పెడుతుండు. నడుమల నువ్వు నా చెయ్యి ఆపుతవేందమ్మా?"

నేల మీద పడ్డ గింజలన్నీ ఇద్దరం కలిసి ఏరాం.

ఆ తర్వాత కొద్ది రోజులకే సుగుణకు జ్వరం తగిలింది. ముందు ఎండ దెబ్బ అనుకున్నారు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లకు పసరు పోసే ఆయన దగ్గరికి నడిపించుకుపోయారు. తగ్గలేదు. దవాఖానలో డాక్టరు చూసి, పొట్ట నొక్కి చూసి, సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. మా ఆయన బస్సులో తీసుకుపోయి తీసుకొచ్చారు. అక్కడి మందులు రాసిచ్చారు, కడుపు నిండా తిండి పెట్టమన్నారు. ఆ రెండో మాట చెబుతున్నప్పుడు మా ఆయన తల దించుకున్నారు.

సంఘం తరఫున సాయంగా మా ఆయన డబ్బాలోంచి కుంచెడు గింజలు కొలిచి వాళ్ళింటికి మోసుకుపోయారు. నేనూ వెంట వెళ్ళాను. ఈసారి ఎస్తేరమ్మ కాదనలేదు. "సంఘం పెడుతుంటే తీసుకోనా? నా పిల్లకు గావాలె" అని రెండు చేతులూ పట్టింది. మూటతో లోపలికి పోయింది. విప్పింది. పొయ్యి పక్క గురిగిలో ముందు ఒక పిడికెడు వేసింది. కళ్ళు మూసుకుంది. తర్వాత కూతురి గంజి కోసం విసరడానికి కూర్చుంది. దేవుని గంపలోంచి వచ్చిన గింజల్లోంచే మళ్ళీ దేవునికి పిడికెడు! మా ఆయనకు నవ్వొచ్చింది. వాకిట్లోకి వచ్చాక చూస్తే ఆయన మొహం మీద నవ్వు లేదు, కళ్ళు తుడుచుకుంటున్నారు.

పక్కింటి లచ్చవ్వ ఎస్తేరమ్మకు చిన్నప్పటి స్నేహితురాలు. ఆమె సుగుణను ఎత్తుకుని పెంచిన మనిషి. ఒక పొద్దున నేను గంజి పట్టుకుపోయేసరికి లచ్చవ్వ ఎస్తేరమ్మ రెండు చేతులూ పట్టుకుని బతిమాలుతోంది.

"ఒక్క ముడుపు కట్టవే పోచమ్మకు. కొబ్బరికాయ నేనే తెస్త. మీ అయ్యగారికి నేను చెప్ప, నువ్వు చెప్పకు. పిల్ల దక్కుతది."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పాస్టరు భార్యను చూసి లచ్చవ్వ తడబడింది కానీ చెయ్యి వదల్లేదు. ఎస్తేరమ్మ ఆమె చేతుల మీద తన మొహం ఆనించింది. "నీ మనసుకు దండమే లచ్చవ్వా. నువ్వు దానికి తల్లివే. గని నేను ఒక్కని చెయ్యి వట్టుకున్న. కష్టమొచ్చిందని గా చెయ్యి ఇడిసి ఇంకో చెయ్యి వడితే, రెండు దిక్కులా అబద్ధమాడినట్టయితది."

లచ్చవ్వ కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. నాకు ఎస్తేరమ్మ మీద గర్వమనిపించింది. ఆ గర్వంతోనే, నా వంతు సాయంగా, నేనూ ఒక సలహా ఇచ్చాను. "మన దేవునికే మొక్కుకో ఎస్తేరమ్మా. సుగుణ లేచి కూర్చుంటే ఇకనుంచి పూటకు రెండు పిడికిళ్ళు వేస్తానని మాటివ్వు." మా అమ్మ అలాగే మొక్కుకునేది. మా ఇంట్లో పరీక్షలకూ, ఉద్యోగాలకూ, కాన్పులకూ అన్నిటికీ దేవునికి ఒక మాట ఇచ్చి పెట్టేవాళ్ళు. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఎస్తేరమ్మ కాసేపు నా వైపు చూసింది. లచ్చవ్వను చూసినంత ప్రేమగా చూడలేదని చెప్పగలను.

"పిల్లను బతికించుమని అడుగుతున్న. ఏడ్సుకుంట అడుగుతున్న. రేపు గూడ అడుగుత. గని రెండు పిడికిళ్ళు ఇస్త, పిల్లనియ్యి అని ఎట్లంటనమ్మా? అంగడా ఇది?"

ఆ వారమంతా సుగుణ పడుకున్న చాపకు ఇవతల కూర్చుని నేను ఆమె ప్రార్థన వింటూనే ఉన్నాను. ప్రార్థనలో మాటలు పెద్దగా ఉండేవి కావు. "నా బిడ్డ, నా బిడ్డ" అని మాత్రమే. గురిగిలో పిడికెడు మాత్రం అదే పిడికెడు. పెరగలేదు.

గురువారం తెల్లవారకముందు సుగుణ చనిపోయింది. ఒళ్ళు కడిగి కొత్త చీర కట్టింది లచ్చవ్వే. పెళ్ళికని తీసి పెట్టిన చీర. వాకిట్లో ఎవరో "ముడుపు కట్టి ఉంటే పిల్ల దక్కేది, దీని పట్టుదలే కొట్టింది" అని గొణిగారు. లచ్చవ్వ చేతిలో చెంబుతోనే బయటికొచ్చి, "కట్టినోళ్ళ పిల్లలందరు బతికిండ్రా? నోర్మూసుకోండ్రి" అని అరిచింది. కల్హేర్ నుంచి ఆ పిల్లవాడు వచ్చాడు. వరసేమీ లేదు గనక ఎక్కడ నిలబడాలో తెలియక గోడవార నిలబడ్డాడు. శుక్రవారం మట్టి చేశాం. మా ఆయన ఆరాధన మధ్యలో పుస్తకం సంఘపెద్ద చేతిలో పెట్టేస్తే మిగతాది అతనే ముగించాడు. ఎస్తేరమ్మ ఏడ్చిన ఏడుపు నేనిక్కడ రాయలేను. విశ్వాసులు ఏడవరని ఎవరైనా అంటే వాళ్ళకు ఆమె గొంతు వినిపించాలనిపిస్తుంది నాకు.

ఆ రాత్రి నేను దేవుడితో మాట్లాడలేదు. ఏం మాట్లాడేది? ఊళ్ళో అందరికన్నా ముందు ఆయనకిచ్చిన ఇల్లది. ఆయన అందరికన్నా ముందు ఖాళీ చేసిన ఇల్లూ అదే.

మరునాడు శనివారం. ఎవరూ గంప కోసం ఎదురుచూడటం లేదు. మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని ఉన్నాను, గుమ్మంలో నీడ పడింది. ఎస్తేరమ్మ. జుట్టు ముడి వేసుకోలేదు. గొంతు పోయింది. నెత్తిన గంప.

గంప దించింది. లోపల ఇళ్ళ గింజలున్నాయి, వాటి అడుగున పచ్చజొన్నలు. అవి ఆమె ఇంటివి, కరువు పనిలో ఇచ్చినవి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు. కానీ ఎదురుగా ఉన్నది ఆమే.

"ఇంకా ఎందుకు ఎస్తేరమ్మా?" అన్నాను. "ఇంకా ఏమిద్దామని? నీ పిల్లనే తీసుకున్నాడు కదా, చాలదా? తీసుకుపో ఈ గంప!"

ఆమె కింద కూర్చుంది. గోడకు ఆనుకుంది. నేను నీళ్ళిస్తే తాగింది. అప్పుడు, పోయిన గొంతుతో, గాలే తప్ప మాట లేనట్టుగా అంది.

"ఇయ్యాల ఆపితే, ఇన్నొద్దులు గా పిల్ల కోసం లంచమిచ్చినట్టయితది గదమ్మా."

ఖాళీ అయిన చెంబు అందుకుని పక్కన పెట్టాను.

"నేను లంచం ఇయ్యలే" అంది మళ్ళీ. "పొద్దుగాల జొన్నలు తీసిన. ఒక్కదానికి ఎన్ని తియ్యాల్నో సమజ్ గాలే. ఇద్దరికే తీసిన. గందులకెల్లి పిడికెడు ఏసిన. కండ్లు మూసిన. ఏం మాట రాలే అమ్మా. ఉత్తగనే కూసున్న." అప్పుడు ఆమె ఏడ్చింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. చివరికి తనే లేచి, డబ్బా వెతికి, గింజలు పోసి, గంప దులుపుకుని వెళ్ళింది.

మరో రెండేళ్ళు అక్కడున్నాం. వానలు వచ్చాయి, జొన్నలు పండాయి, ఎస్తేరమ్మ మళ్ళీ గడపల మీద కూర్చుని ఆడవాళ్ళను తిట్టడం మొదలుపెట్టింది. కొంచెం తక్కువగా. తర్వాత మా ఆయనకు బదిలీ అయింది. బస్సు దగ్గర ఆమె నా చేతులు పట్టుకుంది. ఆమె పోయిందని చాలా ఏళ్ళ తర్వాత, పోయిన చాలా నెలలకు, ఒక ప్రార్థన కూటంలో ఆ ఊరివాళ్ళు చెప్పారు. మట్టికి కూడా వెళ్ళలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తొంభైల్లో మా ఆయనకు గుండె జబ్బు వచ్చింది. హైదరాబాదులో ఆసుపత్రి వరండాలో మా చెల్లెలు నా చెవిలో చెప్పింది, "మొక్కుకో అక్కా. బావ లేస్తే ఉపవాస కూటం పెట్టిస్తానని మొక్కుకో." అలవాటుగా మోకరించాను. "ఆయన లేస్తే" అన్నంత వరకూ నాలుక మీదికి వచ్చింది. ఆ తర్వాతి మాట రాలేదు. రానివ్వని మనిషి ఒకామె నాలో అప్పటికే కాపురముంది. "నాకు ఆయన కావాలి" అన్నాను. అదే మాట రాత్రంతా అన్నాను. అడగడం తప్పు కాదని కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆయన లేవలేదు. శనివారం మట్టి చేశాం. ఆదివారం పొద్దున నేను తలస్నానం చేసి తెల్లచీర కట్టుకుంటుంటే, చెల్లెలు అడ్డం వచ్చింది. "ఈ ఒక్క వారానికి వద్దులే అక్కా, అందరూ ఏమనుకుంటారు?" అంది. నేను వెళ్ళాను. గొప్ప విశ్వాసంతో వెళ్ళానని అనుకోవద్దు. కోపంతో వెళ్ళాను. పాటలో గొంతు కలపలేదు, ప్రార్థనలో కళ్ళు మూయలేదు. కానీ ఆయన బతికి ఉంటే ఏ బెంచీ మీద కూర్చునేదాన్నో ఆ బెంచీ మీదే, ఆరాధన ముగిసేదాకా కూర్చున్నాను. నా వైపు నుంచి లంచం లేదని దేవుడికి తెలియాలి కదా. ఇన్నేళ్ళైనా దేవుడితో నా పోట్లాట తీరలేదు. మా ఆయన గురించి అంతగా అడగను, ఆయన బతుకు చూసిన మనిషి. సుగుణ సంగతే అడుగుతాను. నోట్లో కొంగు కుక్కుకుని నవ్విన ఆ పిల్లను ఎందుకు తీసుకున్నావని అడుగుతాను. ఇప్పటిదాకా జవాబు రాలేదు. వచ్చే ఆదివారం కూడా వెళ్తాను.